కదలని గోల్ఫ్ కార్టులో విద్యుత్ లోపాన్ని పట్టుకోవడం ఎలా

గోల్ఫ్ కార్టు ఉన్నట్టుండి ఆగిపోతే చాలామంది ముందుగా అనుమానించేది, పెడల్ నొక్కినంతను బట్టి మోటారుకు కరెంటు అందించే కంట్రోలర్‌నే. అది ఖరీదైనది, పైగా లోపల ఏం జరుగుతోందో కనిపించని మూసిన పెట్టె, కాబట్టి అర్థం కాని లోపాన్నంతా దానికి అంటగట్టడం సులువు. వాస్తవానికి ఈ బండ్లలో వచ్చే విద్యుత్ లోపాల్లో ఎక్కువ భాగం బ్యాటరీల్లోనో, వాటిని కలిపే కేబుళ్ళ కొసల్లోనో, సోలినాయిడ్‌లోనో (చిన్న కరెంటు అందగానే లావు కేబుళ్ళ దారిని కలిపే విద్యుదయస్కాంత స్విచ్చు), పెడల్ దగ్గరి మైక్రోస్విచ్చులోనో (పెడల్ కదలగానే మూసుకునే చిన్న స్విచ్చు) ఉంటాయి. భాగాలను ఒకటొకటిగా కొని మార్చి చూడటం కంటే ఒక మామూలు డిజిటల్ మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి, వోల్టేజి ఎంతవరకు వస్తోందో, ఎక్కడ తెగిపోతోందో వెతుక్కుంటూ వెళ్ళడం చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పని. ఆ వెతుకులాటను ఏ వరుసలో చేయాలో, ఏ దశలో మీటరు మనల్ని మోసం చేసే అవకాశం ఉందో ఇక్కడ వివరిస్తున్నాను.

చేయి పెట్టే ముందు

48 వోల్టులే కదా, షాకు కొట్టదులే అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ప్రమాదం వోల్టేజిలో కంటే కరెంటులో ఉంది. స్పానరు జారి బ్యాటరీ రెండు టెర్మినళ్ళ మధ్య పడితే వందల ఆంపియర్లు ఒక్కసారిగా ప్రవహించి, ఆ స్పానరు ఎర్రగా కాలిపోతుంది, టెర్మినల్ సీసం కరిగి చిమ్ముతుంది. ఉంగరాలు, చేతి గడియారం, గొలుసు తీసి పక్కన పెట్టండి. స్పానరు పిడిని నట్టు పట్టే కొస తప్ప మిగతా అంతా ఇన్సులేషన్ టేపుతో చుట్టండి. లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఛార్జింగ్ చివరి దశలో హైడ్రోజన్ వాయువును వదులుతాయి కాబట్టి అప్పుడే ఛార్జింగ్ ముగిసిన బండి దగ్గర నిప్పురవ్వ పుట్టే పని ఏదీ చేయకూడదు. సీటు ఎత్తి, గాలి ఆడేలా కాసేపు వదిలేయాలి. కళ్ళద్దాలు, రబ్బరు చేతొడుగులు తప్పనిసరి.

పెడల్ నొక్కి పరీక్షించవలసి వచ్చినప్పుడు వెనక చక్రాలను జాకీతో లేపి, ఇరుసు కింద స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలకు అడ్డు వేయండి. చక్రాలు గాలిలో ఉన్నప్పుడు పెడల్‌ను పూర్తిగా తొక్కిపట్టకూడదు. ముఖ్యంగా సిరీస్ మోటారు ఉన్న కార్టుల్లో మోటారు మీద భారం లేకపోతే వేగం అదుపు తప్పి పెరిగిపోయి, ఆర్మేచర్ (మోటారు లోపల తిరిగే చుట్ట) చెడిపోయే ప్రమాదం ఉంది. కాస్త నొక్కి చక్రం తిరుగుతోందని తెలుసుకుంటే చాలు.

సీటు కింద రన్ (నడపడానికి), టో (బండిని లాక్కెళ్ళడానికి) అని రెండు స్థానాలున్న స్విచ్చు ఉంటే, ఏ కేబుల్ విప్పే ముందైనా దాన్ని టో వైపు తిప్పండి. ఆ తర్వాత మొత్తం ప్యాక్ (బ్యాటరీలన్నీ కలిసిన వరుస) మైనస్ కేబుల్‌ను విప్పండి. కంట్రోలర్ లోపల పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. బ్యాటరీ తీసేసిన తర్వాత కూడా అవి కొంతసేపు ఛార్జిని పట్టుకుని ఉంటాయి కనుక వెంటనే దాని టెర్మినళ్ళను ముట్టుకోకండి.

విద్యుత్తు నడిచే రెండు దారులు

కార్టులో రెండు సర్క్యూట్లు ఉన్నాయన్న సంగతి మనసులో పెట్టుకుంటే సగం గందరగోళం తొలగిపోతుంది. మొదటిది లావు కేబుళ్ళ దారి: బ్యాటరీ ప్యాక్ నుంచి సోలినాయిడ్ పెద్ద టెర్మినళ్ళ గుండా కంట్రోలర్‌కు, అక్కడి నుంచి మోటారుకు, మళ్ళీ ప్యాక్‌కు. బండిని లాగే కరెంటు అంతా ఈ దారిలోనే పోతుంది. రెండోది సన్న తీగల దారి: తాళం స్విచ్చు, ముందుకు వెనక్కు స్విచ్చు, పెడల్ మైక్రోస్విచ్చు, ఫ్యూజు, సోలినాయిడ్ చిన్న టెర్మినళ్ళు. ఇది బండిని లాగదు, లాగమని ఆజ్ఞ ఇస్తుంది. ఈ రెండు దారులూ కలిసే చోటు సోలినాయిడ్. అందుకే పెడల్ నొక్కగానే అది చేసే టక్ మన్న శబ్దం విన్నారా లేదా అన్నదే ఈ పనిలో మొట్టమొదటి ప్రశ్న. కొన్ని మోడళ్ళలో ఆ శబ్దం పెడల్‌కు కాక తాళం తిప్పగానే వస్తుంది.

టక్ మన్నా బండి కదలకపోతే లోపం దాదాపుగా లావు కేబుళ్ళ దారిలోనో, పెడల్ సంకేతంలోనో ఉంది. శబ్దమే రాకపోతే బ్యాటరీలను ఒకసారి సరిచూసుకుని, సన్న తీగల వైపు వెళ్ళాలి.

ఇంకొక్క మాట. కారులో మైనస్ తీగ బాడీకి కలిసి ఉంటుంది. సాధారణంగా గోల్ఫ్ కార్టులో అలా ఉండదు. ప్యాక్ మైనస్‌కూ ఇనుప చట్రానికీ సంబంధం ఉండదు కాబట్టి మీటరు నల్ల ప్రోబును చట్రానికి ఆనించి తీసుకున్న కొలతలకు అర్థం లేదు. కార్ల పని అలవాటైన మెకానిక్కులు కూడా ఇక్కడ పొరబడుతుంటారు. వేరేగా చెప్పిన చోట తప్ప, నల్ల ప్రోబు ప్యాక్ మైనస్ టెర్మినల్ మీదే ఉండాలి.

బ్యాటరీలు: నిలకడ వోల్టేజి చెప్పేది సగమే

36 వోల్టుల కార్టులో సాధారణంగా 6 వోల్టుల బ్యాటరీలు ఆరు ఉంటాయి. 48 వోల్టుల కార్టులో 8 వోల్టులవి ఆరు గాని, 12 వోల్టులవి నాలుగు గాని, 6 వోల్టులవి ఎనిమిది గాని ఉంటాయి. అన్నీ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలిసి ఉంటాయి కనుక ఒక్కటి బలహీనపడినా మొత్తం ప్యాక్ కుంటుతుంది.

బండిని పూర్తిగా ఛార్జి చేసి, ఛార్జర్ తీసేసి, కనీసం ఆరు గంటలు కదపకుండా ఉంచాక కొలవండి. ఛార్జర్ తీసిన వెంటనే కొలిస్తే పలకల మీద మిగిలిన పైపై ఛార్జి వల్ల చెడిన బ్యాటరీ కూడా బాగున్నట్టు కనిపిస్తుంది. బాగున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తి ఛార్జి మీద సెల్‌కు (బ్యాటరీ లోపలి ఒక్కో గదికి) సుమారు 2.12 వోల్టులు చూపుతుంది. ఆ లెక్కన 6 వోల్టుల బ్యాటరీ 6.37 దగ్గర, 8 వోల్టులది 8.49 దగ్గర, 12 వోల్టులది 12.73 దగ్గర ఉండాలి. 48 వోల్టుల ప్యాక్ మొత్తం 51 వోల్టులకు కాస్త అటూ ఇటుగా, 36 వోల్టుల ప్యాక్ 38 వోల్టుల పైన ఉండాలి. 48 వోల్టుల ప్యాక్ సరిగ్గా 48 మాత్రమే చూపితే నిండుగా ఉందని పొరబడకండి, అది దాదాపు సగం ఖాళీ అయిన ప్యాక్.

మొత్తం కొలిచి వదిలేయకుండా ప్రతి బ్యాటరీనీ విడిగా కొలిచి కాగితం మీద రాసుకోండి. మిగతావన్నీ 8.4 దగ్గర ఉండగా ఒక్కటి 6.3 దగ్గర ఆగిపోయిందంటే అందులో ఒక సెల్ లోపలే షార్టయిందని అర్థం. దానికి ఎంత ఛార్జి పెట్టినా ఆ రెండు వోల్టులు తిరిగి రావు.

అయితే ఎక్కువమంది మోసపోయేది అన్ని బ్యాటరీలూ సమానంగా, నిండుగా చూపించినప్పుడు. పలకలు సల్ఫేట్ పట్టి సామర్థ్యం కోల్పోయిన బ్యాటరీ కూడా భారం లేనప్పుడు చక్కటి వోల్టేజి చూపగలదు. దాని బండారం బయటపడేది బండి లాగుతున్నప్పుడే. మీటరు ప్రోబులకు మొసలి క్లిప్పులు తగిలించి ఒక బ్యాటరీకి గట్టిగా పట్టించండి. ఒకరు బండి నడుపుతుండగా పక్కన కూర్చున్నవారు మీటరు చూస్తూ ఉండాలి. వీలైతే చిన్న ఎత్తు ఎక్కించండి. బాగున్న 8 వోల్టుల బ్యాటరీ కొంత తగ్గి, పెడల్ వదలగానే త్వరగా కోలుకుంటుంది. అదే 7 వోల్టుల కిందకు జారిపోతే, అంటే సెల్‌కు 1.75 వోల్టుల కంటే తగ్గితే, ఆ బ్యాటరీ నిండుగా ఛార్జయ్యాక కూడా ఖాళీ బ్యాటరీలా ప్రవర్తిస్తోందన్నమాట. 6 వోల్టుల దానికి ఆ హద్దు 5.25, 12 వోల్టుల దానికి 10.5. బాగా చెడిన బ్యాటరీ అయితే భారం మీద మీటరులో మైనస్ గుర్తు కూడా కనిపించవచ్చు: మిగతా బ్యాటరీలు దాని గుండా కరెంటును బలవంతంగా తోస్తుండటం వల్ల దాని ధ్రువాలే తారుమారయ్యాయని దానర్థం. ఇదే పరీక్షను అన్నిటికీ ఒకే దారిలో, ఒకే తీరున నడుపుతూ చేస్తే చెడినది ఏదో కాగితం మీద అంకెలే చెబుతాయి.

నీళ్ళు పోసే రకం బ్యాటరీలైతే హైడ్రోమీటరు ఇంకా లోతుగా చూపిస్తుంది. నిండుగా ఛార్జయిన సెల్‌లో ఆమ్లం సాపేక్ష సాంద్రత 1.265 నుంచి 1.280 మధ్య ఉంటుంది. ఒకే బ్యాటరీలో సెల్‌కూ సెల్‌కూ మధ్య తేడా 0.050 దాటితే తక్కువ చూపే సెల్ దెబ్బతిన్నట్టే. నీళ్ళు పోసిన వెంటనే ఈ పరీక్ష చేస్తే కొలత తప్పుతుంది. నీళ్ళు ఆమ్లంలో కలవాలంటే ఒకసారి ఛార్జింగ్ జరగాలి. డిస్టిల్డ్ వాటర్ ఎప్పుడూ పూర్తి ఛార్జింగ్ తర్వాతే పోయాలి. పలకలు ఆరిపోయి పైకి కనిపిస్తున్నప్పుడు మాత్రం అవి మునిగేంతవరకు ముందు పోసి, ఛార్జి చేసి, మిగతాది తర్వాత నింపాలి. ఆమ్లం మాత్రం ఎన్నడూ కలపకూడదు.

ఒక బ్యాటరీ మాత్రమే చెడితే దాన్నొక్కదాన్నే మార్చవచ్చా? ప్యాక్ కొత్తదైతే మార్చవచ్చు, అదే వోల్టేజి, అదే సామర్థ్యం, దాదాపు అదే వయసు ఉన్నదానితో. ఏళ్ళు గడిచిన ప్యాక్‌లో ఒక్క కొత్త బ్యాటరీ పెడితే పాతవాటి లోటు కొత్తదాని మీద పడి అది కూడా త్వరగా అరిగిపోతుంది. అలాంటప్పుడు అన్నీ ఒకేసారి మార్చుకోవడమే చివరికి లాభం.

కేబుళ్ళు, కొసలు

ఈ భాగంలో ఎంత ఓపిక పడితే అంత ఫలితం ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు కార్టు 200 ఆంపియర్లు తీసుకుంటోందనుకుందాం. ఒక వదులు కొస దగ్గర ఓమ్‌లో నూరో వంతు, అంటే 0.01 ఓమ్ నిరోధం ఏర్పడితే అక్కడే 2 వోల్టులు పోతాయి, 400 వాట్ల వేడి పుడుతుంది. ఆ వేడికి సీసపు టెర్మినల్ మెత్తబడి కరుగుతుంది, కొస ఇంకా వదులవుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. అదే 0.01 ఓమ్‌ను మామూలు మల్టీమీటరు ఓమ్‌ల స్థానంలో పెట్టి చూస్తే సున్నా అనే చూపిస్తుంది. కాబట్టి లావు కేబుళ్ళను నిరోధం కొలిచి పరీక్షించడం వృథా. వాటిలో పోతున్న వోల్టేజినే కొలవాలి.

ఎర్ర ప్రోబును ఒక బ్యాటరీ టెర్మినల్ సీసం మీద, నల్ల ప్రోబును దానికి కేబుల్‌తో కలిసిన పక్క బ్యాటరీ టెర్మినల్ సీసం మీద గుచ్చండి. కేబుల్ కొస రింగు మీద పెట్టవద్దు; అలా పెడితే రింగుకూ టెర్మినల్‌కూ మధ్య ఉన్న లోపం కొలతలోకి రాదు. బండి లాగుతుండగా మీటరులో కనిపించేదే ఆ అనుసంధానంలో పోతున్న వోల్టేజి. ఒకే పొడవు, ఒకే మందం ఉన్న కేబుళ్ళన్నీ ఇంచుమించు ఒకే అంకె చూపాలి, అది వోల్టులో చిన్న భిన్నంగా ఉండాలి. ఒక్కటి మిగతావాటికి మూడు నాలుగు రెట్లు చూపిందంటే వెతుకుతున్నది దొరికినట్టే. కొంత దూరం నడిపాక బండి ఆపి, తాళం తీసేసి, కొసలను వేలితో జాగ్రత్తగా తాకి చూసినా మిగతావాటికంటే వేడిగా ఉన్నది తెలిసిపోతుంది.

పైకి శుభ్రంగా ఉన్న కేబుల్ లోపల కుళ్ళి ఉండటం కూడా మామూలే. రింగు పక్కన కేబుల్ తొడుగును నొక్కి చూడండి. గట్టిగా ఉండవలసిన చోట పొడిపొడిగా, కరకరలాడినట్టు అనిపించినా, ఉబ్బినట్టున్నా ఆ చోట తొడుగును కొద్దిగా కోసి చూడండి. మెరిసే ఎర్రటి రాగి తీగల బదులు నల్లబడిన, పచ్చటి చిలుము పట్టిన తీగలు కనిపిస్తే ఆమ్లం ఆ తొడుగు లోపలికి పాకిందన్నమాట. అలాంటి కేబుల్‌ను శుభ్రం చేసి లాభం లేదు, మార్చవలసిందే.

టెర్మినళ్ళ మీది తెల్లటి, పచ్చటి పొరను వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, ఇత్తడి బ్రష్షుతో రుద్ది, ఆరాక బిగించండి. ఆ నీళ్ళు సెల్స్ మూతల్లోకి పోకుండా చూడాలి, సోడా ఆమ్లాన్ని చంపేస్తుంది. నట్టును మరీ బిగిస్తే సీసపు టెర్మినల్ చిట్లుతుంది, కాబట్టి తయారీదారు చెప్పిన టార్క్‌నే పాటించండి. బ్యాటరీల పైభాగం మురికిగా ఉన్నప్పుడు ఒక చిన్న పరీక్ష చేసి చూడండి: ఎర్ర ప్రోబును ప్లస్ టెర్మినల్ మీద ఉంచి, నల్ల ప్రోబును ప్లాస్టిక్ మూత మీద నెమ్మదిగా జరపండి. ప్లాస్టిక్ మీద వోల్టేజి కనిపించకూడదు. కనిపించిందంటే అక్కడి ఆమ్లపు తడి కరెంటును పారనిస్తోంది, బండి వాడకుండా ఉంచినా ఛార్జి నెమ్మదిగా దిగిపోవడానికి అదొక కారణం.

సోలినాయిడ్

శబ్దం రాకపోతే మీటరు ప్రోబులను సోలినాయిడ్ చిన్న టెర్మినళ్ళు రెండింటి మీద పెట్టి, తాళం వేసి, దిశ ఎంచుకుని, పెడల్ నొక్కమనండి. అక్కడికి సర్క్యూట్‌కు తగిన పూర్తి వోల్టేజి వస్తోంది కానీ శబ్దం లేదంటే లోపలి కాయిల్ కాలిపోయింది, సోలినాయిడ్ మార్చాలి. వోల్టేజే రావడం లేదంటే సోలినాయిడ్ తప్పు కాదు, ఆజ్ఞ అక్కడికి చేరడం లేదు. కొన్ని కార్టుల్లో ప్లస్ తీగ స్విచ్చుల నుంచి వస్తే మైనస్‌ను కంట్రోలర్ అందిస్తుంది. అందువల్ల నల్ల ప్రోబును ప్యాక్ మైనస్ మీద ఉంచి చిన్న టెర్మినళ్ళను విడివిడిగా చూస్తే పోయింది ప్లస్సా మైనస్సా అన్నది తేలుతుంది. రెండు టెర్మినళ్ళూ పూర్తి వోల్టేజి చూపితే ప్లస్ వస్తోంది, మైనసే అందడం లేదని అర్థం.

శబ్దం వస్తోంది కానీ బండి కదలడం లేదంటే పెద్ద టెర్మినళ్ళను చూడాలి. నల్ల ప్రోబు ప్యాక్ మైనస్ మీద ఉండగా బ్యాటరీ వైపు పెద్ద టెర్మినల్ ఎప్పుడూ ప్యాక్ వోల్టేజి చూపాలి, పెడల్ నొక్కినప్పుడు కంట్రోలర్ వైపు టెర్మినల్ కూడా అంతే చూపాలి. తర్వాత రెండు ప్రోబులనూ రెండు పెద్ద టెర్మినళ్ళ మీదే పెట్టి, బండి లాగుతుండగా చూడండి: దాదాపు సున్నా రావాలి. అర వోల్టు, వోల్టు కనిపిస్తుంటే లోపలి కాంటాక్టులు కాలి గుంతలు పడ్డాయి. ఇలాంటి సోలినాయిడ్ చక్కగా టక్ మంటూనే ఉంటుంది. ఆ శబ్దం విని దాన్ని వదిలేసి కంట్రోలర్ కొన్నవారు తక్కువమంది కారు.

చాలా కార్టుల్లో పెద్ద టెర్మినళ్ళ మధ్య ఒక చిన్న రెసిస్టర్ కలిపి ఉంటుంది. కంట్రోలర్ కెపాసిటర్లను ముందుగానే మెల్లగా నింపి ఉంచడం దాని పని. అందువల్ల సోలినాయిడ్ తెరిచి ఉన్నప్పుడు కూడా కంట్రోలర్ వైపు టెర్మినల్‌లో వోల్టేజి కనిపిస్తుంది; దాన్ని చూసి కాంటాక్టులు అతుక్కుపోయాయని తీర్మానించకండి. అతుక్కున్నాయేమో తెలుసుకోవాలంటే ప్యాక్ మైనస్ విప్పి, పెద్ద కేబుళ్ళను, రెసిస్టర్‌ను తీసేసి, అప్పుడు కంటిన్యుటీ (రెండు కొసల మధ్య తెగని దారి ఉందా అన్నది) చూడాలి. సోలినాయిడ్ కొత్తది వేసేటప్పుడు ఆ రెసిస్టర్‌ను, చిన్న టెర్మినళ్ళ మధ్య ఉండే డయోడ్‌ను (కరెంటును ఒకే వైపుకు పోనిచ్చే భాగం) మరచిపోకూడదు. రెసిస్టర్ తెగితే ప్రతిసారీ కెపాసిటర్లు ఒక్కసారిగా నిండుతూ కాంటాక్టుల దగ్గర పెద్ద నిప్పురవ్వ పుడుతుంది, కొత్త సోలినాయిడ్ కూడా కొద్దికాలంలోనే కాలిపోతుంది. డయోడ్‌ను గీత ఉన్న కొస ప్లస్ వైపు ఉండేలా పెట్టాలి. తిరగేసి పెడితే షార్టయి ఫ్యూజో, మైక్రోస్విచ్చో పోతుంది.

సన్న తీగల దారి

ఇక్కడ పని సూటిగా ఉంటుంది. ఫ్యూజుతో మొదలుపెట్టి, తాళం స్విచ్చు, దిశ స్విచ్చు, పెడల్ మైక్రోస్విచ్చు వరుసగా, ఒక్కొక్క దాని లోపలికి వచ్చే తీగనూ బయటికి పోయే తీగనూ కొలుస్తూ వెళ్ళండి. లోపలికి వోల్టేజి వచ్చి, స్విచ్చు వేసినా బయటికి రాకపోతే ఆ స్విచ్చే చెడింది. మీ మోడల్ వైరింగ్ చిత్రం దగ్గర ఉంచుకోండి, ఈ వరుస తయారీదారును బట్టి మారుతుంది. ఫ్యూజును కంటితో చూసి బాగుందనుకోకండి, రెండు వైపులా వోల్టేజి కొలవండి.

వెనక్కు వేసినప్పుడు బజర్ మోగుతోందా అన్నది చూడండి. చాలా మోడళ్ళలో అది మోగితే తాళం వరకు, దిశ స్విచ్చు వరకు విద్యుత్తు వస్తోందని కొంతవరకు నమ్మవచ్చు. ముందుకు మాత్రమే వెళ్ళి వెనక్కు రాకపోయినా, వెనక్కు మాత్రమే వచ్చినా ముందుగా అనుమానించవలసింది దిశ స్విచ్చునే. పాత సిరీస్ మోటారు కార్టుల్లో సీటు కింద పిడితో తిప్పే పెద్ద స్విచ్చు మోటారు కరెంటునే మోస్తుంది; దాని రాగి కాంటాక్టులు నల్లగా కాలి, చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉండటం తరచుగా కనిపిస్తుంది. బండి కదులుతుండగానే దిశ మార్చే అలవాటు ఆ స్విచ్చును త్వరగా కాల్చేస్తుంది.

మైక్రోస్విచ్చు చెడినప్పుడు బండి ప్రవర్తన విచిత్రంగా ఉంటుంది. పెడల్‌ను రెండు మూడుసార్లు తొక్కితే ఒకసారి కదలడం, తడి రోజుల్లో మొరాయించడం లాంటివి దాని లక్షణాలు. వేలితో నొక్కితే క్లిక్ మన్నంత మాత్రాన అది పనిచేస్తున్నట్టు కాదు, తీగలు విప్పి నొక్కుతూ వదులుతూ కంటిన్యుటీ చూడాలి. స్విచ్చు బాగుండి కూడా, పెడల్ కడ్డీ వంగి దాన్ని పూర్తిగా నొక్కకపోవడం మరో సంభావ్యత.

పెడల్ మీద కాలు ఉంచి తాళం తిప్పితే చాలా కంట్రోలర్లు భద్రత కోసం బండిని కదలనివ్వవు. లోపం వెతకడానికి కూర్చునే ముందు, కాలు తీసి, తాళం ఆపి, మళ్ళీ వేసి చూడండి.

పెడల్ సంకేతం, మోటారు, చివరగా కంట్రోలర్

సోలినాయిడ్ మూసుకుంటోంది, కంట్రోలర్‌కు పూర్తి వోల్టేజి అందుతోంది, అయినా బండి కదలడం లేదు లేదా కుదుపులతో కదులుతోంది అంటే పెడల్ ఎంత నొక్కారో చెప్పే భాగాన్ని చూడాలి. చాలా కార్టుల్లో అది 0 నుంచి 5,000 ఓమ్‌ల మధ్య మారే పొటెన్షియోమీటరు. దాన్ని కంట్రోలర్ నుంచి విడదీసి, ఓమ్‌లు కొలుస్తూ పెడల్‌ను చాలా నెమ్మదిగా నొక్కండి. అంకె ఎక్కడా తెగకుండా, ఎగిరిపడకుండా ఒకే వైపుకు మారాలి. మధ్యలో ఒక్క క్షణం కొలత మాయమైతే బండి సరిగ్గా అక్కడే కుదుపు ఇస్తుంది. ఇండక్టివ్ సెన్సరు (పెడల్ స్థానాన్ని తాకకుండానే పసిగట్టేది) ఉన్న మోడళ్ళలో ఓమ్‌లు కొలిచి ప్రయోజనం లేదు, దాని నుంచి వచ్చే వోల్టేజి పెడల్‌తోపాటు పెరుగుతోందా అని చూడాలి.

మోటారు టెర్మినళ్ళ మీది గుర్తులు అది ఏ రకమో చెబుతాయి. ఎ1, ఎ2 ఆర్మేచర్‌వి. వాటితోపాటు ఎస్1, ఎస్2 ఉంటే అది సిరీస్ మోటారు. ఎఫ్1, ఎఫ్2కు సన్న తీగలు వస్తుంటే ఫీల్డును కంట్రోలరే విడిగా నడిపే రకం. ఈ రెండో రకంలో ఆ సన్న తీగ ఒక్కటి ఊడినా బండి కదలదు. కేబుళ్ళన్నీ విప్పి కొలిచినప్పుడు ఎ1, ఎ2 మధ్య, అలాగే ఫీల్డు టెర్మినళ్ళ మధ్య కంటిన్యుటీ ఉండాలి. ఆర్మేచర్‌కూ ఫీల్డుకూ మధ్య గాని, ఏ టెర్మినల్‌కైనా మోటారు బాడీకీ మధ్య గాని ఉండకూడదు. ఎ1, ఎ2 మధ్య ఏమీ రాకపోతే కార్బన్ బ్రష్షులు అరిగిపోయో, ఇరుక్కుపోయో కమ్యుటేటర్‌ను (ఆర్మేచర్ కొసన ఉండే రాగి పలకల వలయం) తాకడం లేదేమో చూడండి. మూడు లావు కేబుళ్ళున్న ఏసీ మోటారులో బ్రష్షులు ఉండవు. అక్కడ మూడింటిలో ఏ రెండింటి మధ్య కొలిచినా ఒకే అంకె రావాలి.

బండి నడుస్తోంది కానీ ఎంత తొక్కినా వేగం అందుకోవడం లేదంటే, బ్యాటరీలు బాగున్నాయని ముందే నిర్ధారించుకున్న పక్షంలో, మోటారు కొస దగ్గరి స్పీడు సెన్సరును పరిశీలించండి. అది పని మానితే చాలా కంట్రోలర్లు వేగాన్ని కావాలనే తగ్గిస్తాయి. బ్రేకులు పట్టేసి ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది, కాబట్టి చక్రాలు లేపి చేత్తో తిప్పి చూడటం మరవకండి.

ఇంత దూరం వచ్చి, కంట్రోలర్ మీది బ్యాటరీ టెర్మినళ్ళు బి ప్లస్, బి మైనస్ మధ్య పూర్తి వోల్టేజి ఉండి, పెడల్ సంకేతం సరిగా అందుతూ, మోటారు బాగుండి కూడా, మోటారుకు పోయే వైపు ఏమీ రావడం లేదంటే అప్పుడు కంట్రోలర్‌నే తప్పుపట్టవచ్చు. అప్పుడైనా దాని మీద చిన్న దీపం మిణుకుతోందేమో చూసి, ఆ మిణుకుల లెక్కను మాన్యువల్‌లోని పట్టికతో పోల్చి చూడండి. కొంతసేపు బాగా నడిచి, వేడెక్కాక నెమ్మదించి, చల్లారాక మళ్ళీ మామూలవుతుంటే అది తనను తాను కాపాడుకుంటోందే తప్ప చెడిపోలేదు.

ఛార్జింగ్, లైట్లు

ఛార్జర్ తగిలించినా మొదలు కావడం లేదంటే గోడ సాకెట్‌లో కరెంటు, ఛార్జర్ ఫ్యూజు, ప్లగ్గు లోపలి పిన్నులు చూశాక ప్యాక్ వోల్టేజి కొలవండి. చాలా ఛార్జర్లు ప్యాక్‌లో ఒక కనీస వోల్టేజి కనిపిస్తే గాని పని మొదలుపెట్టవు. నెలల తరబడి వదిలేసిన బండిలో ఛార్జర్ చెడిపోయిందని అనిపించడానికి సాధారణ కారణం ఇదే. ప్రతి బ్యాటరీనీ దాని వోల్టేజికి తగిన చిన్న ఛార్జర్‌తో విడిగా కొంత నింపితే అసలు ఛార్జర్ మళ్ళీ అందుకుంటుంది. ఛార్జింగ్ ప్లగ్గు ఉండగా బండి కదలకుండా ఆపే ఏర్పాటు కొన్ని మోడళ్ళలో ఉంటుంది. అది చెడితే ప్లగ్గు తీసినా బండి కదలదు. లిథియం ప్యాక్ ఉన్న బండిలో మీటరు ఒక్కసారిగా సున్నా చూపితే సెల్స్ చచ్చిపోయాయని కంగారుపడకండి, లోపలి రక్షణ సర్క్యూట్ తలుపు మూసి ఉండవచ్చు. దానికి సరిపడే లిథియం ఛార్జర్ తగిలిస్తే చాలాసార్లు తిరిగి తెరుచుకుంటుంది. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉంటే అది ఛార్జింగ్‌ను కూడా ఒప్పుకోదు.

లైట్లు, హారన్ మాత్రమే పనిచేయకపోతే 48 వోల్టులను 12కు తగ్గించే కన్వర్టర్‌కు ఒకవైపు పూర్తి వోల్టేజి వస్తోందా, రెండో వైపు 12 బయటికి వస్తోందా అని చూస్తే తేలిపోతుంది. కన్వర్టర్ లేకుండా, ప్యాక్‌లో ఒకటి రెండు బ్యాటరీల నుంచే 12 వోల్టులు లాగి లైట్లు కలిపిన బండ్లు చాలా ఉన్నాయి. ఆ బ్యాటరీలు మిగతావాటికంటే ఎక్కువ ఖాళీ అవుతాయి, ఛార్జర్ మాత్రం అన్నిటికీ ఒకే కరెంటు పంపుతుంది, దాంతో అవి ఎప్పటికీ పూర్తిగా నిండకుండానే మిగిలిపోయి ముందుగా పాడవుతాయి. మీరు రాసుకున్న కాగితంలో పదేపదే తక్కువ చూపే బ్యాటరీ మీదే ఆ లైట్ల తీగలు ఉన్నట్టయితే, బ్యాటరీ మార్చేటప్పుడే ఆ తీగలను తీసి ఒక కన్వర్టర్ పెట్టించండి. దాని ప్లస్ తీగను ప్యాక్ మొత్తం ప్లస్‌కు ఫ్యూజు ద్వారా, మైనస్‌ను ప్యాక్ మొత్తం మైనస్‌కు కలపాలి, చట్రానికి కాదు.